గేదెలకు, గొర్రెలకు కార్జపు జలగ: ఏ నెలలో ఏ మందు, ఎంత డోసు, ఎలా పట్టించాలి, నత్తల్ని ఎలా ఆపాలి

"నట్టల మందు క్రమం తప్పకుండా పడుతున్నాం, అయినా గొంతు కింద నీరు దిగుతోంది, ఎందుకు?" కాలువ కింద ఊళ్ల నుంచి, చెరువు పక్క ఊళ్ల నుంచి వర్షాలు వెనకబట్టాక మొదలయ్యే ప్రశ్న ఇది. చాలాసార్లు జవాబు సీసా మీదే ఉంటుంది. షాపులో నట్టల మందు అడిగితే ఎక్కువగా చేతికొచ్చేది ఫెన్‌బెండజోల్ లేదా ఐవర్‌మెక్టిన్. మామూలు డోసులో ఈ రెండూ పేగుల్లోని గుండ్రటి పురుగులకు పనికొస్తాయి గానీ కార్జంలో (కాలేయంలో) కూర్చున్న జలగను, అంటే ఆకులాంటి చదునైన పురుగును, కదిలించవు. ఒకవేళ సరైన మందే కొన్నా, జలగ వయసుకు తగని నెలలో పడితే డబ్బు వృథా.

అందుకే ఇక్కడ మందు పేర్ల కంటే ముందు రోజుల లెక్క చెప్తాను. అది పట్టుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది.

## 1. ముందు జలగ వయసు లెక్క తెలుసుకోండి

మన తెలుగు నేల మీద పశువుల్ని పట్టేది ఎక్కువగా ఫాసియోలా జైగాంటికా అనే జాతి. ఆకులాగా చదునుగా, రెండున్నర నుంచి ఏడు సెంటీమీటర్ల పొడవు వరకూ ఉంటుంది. చల్లటి ప్రాంతాల్లో, హిమాలయాల వైపు కనిపించే ఫాసియోలా హెపాటికా దీనికంటే చిన్నది.

చక్రం ఇలా తిరుగుతుంది:

- పెద్ద జలగ కార్జంలోని పిత్త నాళాల్లో గుడ్లు పెడుతుంది. అవి పేడలో బయటికొస్తాయి.
- పేడ నీళ్లలో పడితే, మన వేడికి దాదాపు రెండు మూడు వారాల్లో గుడ్డు పగిలి కంటికి కనిపించని పిల్ల ఈదుతూ వస్తుంది. దానికి ఒక్క రోజులో నత్త దొరక్కపోతే చచ్చిపోతుంది.
- నత్తలో దూరాక నెలన్నర రెండు నెలలు అక్కడే పెరిగి వందల సంఖ్యలో బయటికొస్తుంది. నీళ్ల అంచున ఉన్న గడ్డికి, వరి మొదళ్లకు అంటుకుని గట్టి తొడుగు కట్టుకుంటుంది.
- ఆ గడ్డి తిన్న పశువు పేగుల్లో తొడుగు విడిపోతుంది. పిల్ల జలగ పేగు గోడను తొలుచుకుని కడుపులోకి, అక్కడి నుంచి కార్జంలోకి దూరి, వారాల తరబడి కార్జాన్ని తింటూ తిరుగుతుంది.
- గడ్డి తిన్న మూడు నుంచి నాలుగు నెలలకు పిత్త నాళాల్లో స్థిరపడి గుడ్లు పెట్టడం మొదలెడుతుంది.

ఈ చివరి అంకె గుర్తుంచుకోండి. పశువు జలగను మింగిన మూడు నాలుగు నెలల దాకా పేడలో ఒక్క గుడ్డు కూడా రాదు, కానీ కార్జం మాత్రం ఆ రోజుల్లోనే ఎక్కువగా పాడవుతుంది. పేడ పరీక్షలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన పశువు బాగున్నట్టు కాదని చెప్పేది ఇందుకే.

## 2. మీ పశువులకు ఎక్కడ అంటుతోందో కనిపెట్టండి

ఒక పూట కేటాయించి పశువులు పొద్దున కొట్టం దాటిన దగ్గర్నుంచి సాయంత్రం తిరిగొచ్చేదాకా వాటి వెంట నడవండి. అవి ఎక్కడ నీళ్లు తాగాయి, ఎక్కడ తడిలో మేశాయి, ఎక్కడ పడుకున్నాయి అన్నది కాగితం మీద రాసుకోండి.

వీటి మీద కన్నేయండి:

- నీరు పారకుండా నిలిచే పిల్ల కాలువలు, బోదెలు, మురుగు కాలువల గట్లు
- వేసవిలో నీరు వెనక్కి తగ్గాక పచ్చగా మొలిచే చెరువు శిఖం గడ్డి
- కారుతున్న కుళాయి, తొట్టి చుట్టూ ఏర్పడ్డ బురద, గిట్టల గుంతలు
- కోసేశాక కూడా తడి ఆరని వరి మళ్లు

నత్తల్ని కూడా చూడండి. జలగను మోసేది లిమ్నియా జాతి నత్త. గుల్ల పలచగా, గోధుమ రంగులో, ఒక కొస సూదిగా, నోరు వెడల్పుగా ఉంటుంది. నీటి మొక్కల కాడలకు, తేలే ఆకుల అడుగున అంటుకుని దొరుకుతుంది. చుట్టలు చుట్టినట్టు చదునుగా ఉండే మరో రకం నత్త కనిపిస్తే అది పొట్ట జలగను (పశువు పొట్టలో చేరే వేరే రకం జలగను) మోసేది, దాని సంగతి తర్వాత వస్తుంది. పొలాల్లో కూర వండుకునే పెద్ద నల్ల నత్తగుల్లలతో ఈ పనికి సంబంధం లేదు, వాటిని చూసి కంగారు పడొద్దు.

అన్నిటికంటే ప్రమాదమైన కాలం వానాకాలం అనుకుంటారు. నా లెక్కలో వేసవి చెరువు శిఖం కూడా తక్కువది కాదు. ఊరంతా ఎండిపోయి పచ్చగడ్డి ఆ ఒక్కచోటే మిగులుతుంది. ఊళ్లో పశువులన్నీ అక్కడే మూతి పెడతాయి, నత్తలూ ఆ తడి అంచుకే చేరి ఉంటాయి.

## 3. లక్షణాలు: గేదెలో ఒకలా, గొర్రెలో ఒకలా

గేదెలు, ఆవుల్లో ఇది నెమ్మదిగా కనిపిస్తుంది. పాలు తగ్గుతాయి, వెంట్రుక మొద్దుబారి బిరుసెక్కుతుంది, మేస్తున్నా ఒళ్లు చేయదు, ఒకసారి పారుడు ఒకసారి మలబద్ధకం, ఎదకు రావడం ఆలస్యం. బాగా ముదిరాక దవడ కింద నీరు దిగి సంచిలా వేలాడుతుంది.

గొర్రెల్లో అంత టైం ఉండదు. ఒకేసారి వందల కొద్దీ పిల్ల జలగలు కార్జంలో దూరితే నిన్నటిదాకా మేసిన గొర్రె పొద్దున్నే చచ్చి పడి ఉంటుంది. బతికున్నవి మంద వెనక పడతాయి, పొట్ట ముట్టుకుంటే నొప్పితో ముడుచుకుంటాయి, కంటి లోపలి పొర తెల్లబడుతుంది. వయసొచ్చిన ఆవుకు కొంతైనా తట్టుకునే శక్తి వస్తుంది. గొర్రెకు ఆ శక్తి రాదు, ఏ ఏడాదికి ఆ ఏడాది కొత్తగా దెబ్బ తింటుంది.

దవడ కింద వాపు చూడగానే కార్జపు జలగ అని తేల్చేయకండి. రక్తం పీల్చే పొట్ట పురుగులు, పొట్ట జలగలు, మేతలో మాంసకృత్తుల లోటు, జోనీస్ వ్యాధి (పేగుల్ని నెమ్మదిగా పాడుచేసే బాక్టీరియా జబ్బు), వీటన్నిటిలోనూ అదే వాపు వస్తుంది. గొర్రెపిల్లలు దుర్వాసనతో నీళ్లలా పారుకుంటూ చస్తుంటే ముందు పొట్ట జలగ పిల్లల్ని అనుమానించండి.

గొర్రె చస్తే పూడ్చే ముందు పశువైద్యుడిని పిలిచి కోయించండి. ఇంత కచ్చితమైన, ఇంత చౌకైన పరీక్ష మరొకటి లేదు. కార్జం మీద సన్నటి రక్తపు దారులు, కడుపులో ఎర్రటి నీరు ఉంటే పిల్ల జలగలు. పిత్త నాళాలు తెల్లగా తాళ్లలా ఉబ్బి, కోసి నొక్కితే ఆకుల్లాంటివి జారి పడితే పెద్ద జలగలు. ఆవు కార్జంలోనైతే నాళాలు సున్నం పట్టి, కత్తి వేస్తే కరకరమని చప్పుడొస్తుంది. అయితే ముక్కు నుంచో మలద్వారం నుంచో నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా చచ్చిన పశువును మాత్రం ఎవరూ కోయకూడదు, అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. దూరం నుంచే కబురు చేయండి.

## 4. పేడ పరీక్ష సరిగ్గా చేయించడం

పేడ తీసుకెళ్లడమే కాదు, ఏ పద్ధతిలో చూడమంటున్నారో కూడా చెప్పాలి. జలగ గుడ్డు బరువైనది. ఉప్పునీటిలో తేల్చి చూసే పద్ధతిలో మామూలు పురుగుల గుడ్లు పైకి వస్తాయి, జలగ గుడ్డు అడుగునే ఉండిపోతుంది. అడుగుకు దింపి మడ్డిని చూసే పద్ధతిలో చేయమని అడగండి.

వరుస ఇది:

1. నేల మీద పడ్డ పేడ కాదు, చేతికి తొడుగు వేసుకుని మలద్వారం నుంచి తాజాగా తీయండి. గేదెకు గుప్పెడు, గొర్రెకు పది పదిహేను పెంటికలు చాలు.
2. మూత గట్టిగా పట్టే డబ్బాలో వేసి పశువు గుర్తు, వయసు, తేదీ, చివరగా పట్టిన మందు పేరు రాయండి.
3. మందలో ఒక్కదానిదే కాకుండా ఎనిమిది పదింటివి తీయండి. బక్కచిక్కినవీ, బాగున్నవీ కలిపి.
4. ఎండ తగలకుండా అదే రోజు అందించండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టండి, డీప్ ఫ్రీజర్‌లో వద్దు.
5. బంగారు పసుపు రంగు గుడ్లా, రంగు లేని గుడ్లా అని అడగండి. పసుపువి కార్జపు జలగవి, రంగు లేనివి పొట్ట జలగవి. రెండూ చూడ్డానికి ఒకే ఆకారం.

ఆసుపత్రి దూరమైతే 1962కు ఫోన్ చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనాలు ఆ నంబరు మీదే నడుస్తున్నాయి.

## 5. మందు ఎంచుకోవడం

మీ పశువులో ఉన్న జలగ వయసెంత? ఆ పశువు పాలిస్తోందా? ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాకుండా షాపుకు వెళ్లొద్దు.

ట్రైక్లాబెండజోల్. వారం రెండు వారాల పసి జలగ నుంచి పెద్ద జలగ దాకా అన్నిటినీ చంపుతుంది. వానల తర్వాత గొర్రెలు చస్తున్నప్పుడు మొదట పట్టాల్సింది ఇదే. గొర్రెకు కిలో బరువుకు 10 మిల్లీగ్రాములు, ఆవుకు 12. గేదెకు ఆవు లెక్క సరిపోకపోవచ్చు, దానికి డోసు డాక్టరే రాయాలి. పాలు పిండుతున్న పశువులకు పట్టొద్దు. మాంసంలో కూడా వారాల తరబడి ఉంటుంది కాబట్టి బక్రీదుకో జాతరకో అమ్మబోయే పొట్టేళ్లకు ముందే లెక్క చూసుకోండి. పొట్ట జలగ మీద ఇది పనిచేయదు.

ఆక్సిక్లోజనైడ్. పెద్ద జలగల్ని మాత్రమే చంపుతుంది. ఆవులు, గేదెలకు కిలోకు 10 మిల్లీగ్రాములు, గొర్రెలు, మేకలకు 15. పాడి పశువులకు, చూడి పశువులకు డాక్టర్లు ఎక్కువగా రాసేది ఇదే. పొట్ట జలగల మీదా పనిచేస్తుంది గానీ దానికి డోసు వేరు. పట్టాక ఒకటి రెండు రోజులు పేడ పలచగా రావడం, మేత, పాలు కొద్దిగా తగ్గడం మామూలే. పాలు ఎన్ని రోజులు ఆపాలో లేబుల్ మీద ఉంటుంది. ఆ రోజుల పాలు కేంద్రానికి పోయొద్దు, ఇంట్లోనూ వాడొద్దు.

క్లోసాంటెల్, రాఫోక్సనైడ్. కొంచెం ఎదిగిన పిల్ల జలగల్ని కూడా కొట్టగలవు, రక్తం పీల్చే పొట్ట పురుగునూ చంపుతాయి, అందుకే గొర్రెల కాపరులకు ఇష్టం. కానీ క్లోసాంటెల్ డోసు ఎక్కువైతే గొర్రెలకు, మేకలకు చూపు పోతుంది, మళ్లీ రాదు. అందాజుగా పట్టే మందు కాదిది. పాడి పశువులకు వద్దు.

ఆల్బెండజోల్. చౌక, అందరి ఇంట్లోనూ ఉంటుంది. మామూలు డోసుకు జలగ చావదు. పెంచిన డోసులో పెద్ద జలగల మీద కొంత పనిచేస్తుంది, పిల్ల జలగల మీద పనే చేయదు. చూడి కట్టిన మొదటి నెలల్లో పడితే కడుపులో పిల్లకు అవకరం రావచ్చు.

మందు పేరు తెలియకపోతే సీసా వెనక చిన్న అక్షరాల్లో కూర్పు చదవండి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, మీకు దానితో పని లేదు.

## 6. బరువు, డోసు లెక్క

కంటితో చూసి బరువు చెప్పడంలో అందరూ తక్కువే చెప్తారు. తక్కువ డోసు పడితే సగం జలగలు బతికి, మందుకు తట్టుకునేవే మిగులుతాయి.

టేపు చాలు. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో తీసుకోండి. భుజం ముందు ఎముక నుంచి తోక పక్కన పిరుదు ఎముక దాకా పొడవు తీసుకోండి. చుట్టుకొలతను చుట్టుకొలతతో గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే బరువు కిలోల్లో వస్తుంది.

ఉదాహరణకు గేదె చుట్టుకొలత 72, పొడవు 56 అనుకోండి. 72 × 72 × 56 = 2,90,304. దాన్ని 660తో భాగిస్తే దాదాపు 440 కిలోలు. ఆక్సిక్లోజనైడ్ కిలోకు 10 చొప్పున 4,400 మిల్లీగ్రాములు కావాలి. మీ సీసా మీద 3.4 శాతం అని ఉంటే ఒక మిల్లీలీటరులో 34 మిల్లీగ్రాములు, అంటే 130 మిల్లీలీటర్లు పట్టాలి. "పెద్ద గేదెకు ఒక వంద పట్టు" అనే అలవాటు ఉన్నచోట ఎంత తేడా వస్తోందో చూడండి.

గొర్రెల్లో శాతం తేడాతోనే ఎక్కువ పొరపాట్లు. 30 కిలోల గొర్రెకు ట్రైక్లాబెండజోల్ 300 మిల్లీగ్రాములు కావాలి. మందు 5 శాతానిదైతే 6 మిల్లీలీటర్లు, 10 శాతానిదైతే 3. పోయినసారి సీసాలో కొలత చూసి ఈసారి పట్టేస్తే సగమో రెట్టింపో అవుతుంది.

మందను పిల్లలు, నడిమివి, పెద్దవి అని మూడు గుంపులు చేసి, ఒక్కో గుంపులో అన్నిటికంటే బరువైన గొర్రెను తూచి ఆ డోసు ఆ గుంపంతటికీ పట్టండి. క్లోసాంటెల్ అయితే గుంపులు ఇంకా చిన్నవి చేయండి.

## 7. పట్టించే పద్ధతి

మందు కరెక్టే, డోసు కరెక్టే, కానీ పట్టేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోయి గేదె చచ్చిపోయిందన్న మాట ప్రతి మండలంలోనూ వినిపిస్తుంది. తప్పు ఎప్పుడూ ఒక్కటే: తలను ఆకాశానికి ఎత్తి, నాలుక బయటికి లాగి, గబగబా పోయడం. నాలుక లాగితే పశువు మింగలేదు, మందు నేరుగా శ్వాసనాళంలోకే పోతుంది.

1. సీసాను బాగా కుదపండి. ఈ మందులు అడుగున పేరుకుంటాయి, కుదపకపోతే మొదటి పశువుకు నీళ్లు, ఆఖరి పశువుకు విషం.
2. గాజు సీసా వద్దు, మెడ పొడవున్న ప్లాస్టిక్ సీసా గానీ గొట్టం గానీ వాడండి. గొర్రెలకు డ్రెంచింగ్ గన్ (కొలతతో మందు పట్టే పరికరం) ఉంటే ముందు నీళ్లతో కొలిచి సరిగ్గా వస్తోందో లేదో చూసుకోండి.
3. తలను నేలకు సమంగా, మహా అయితే కొంచెం పైకి పట్టుకోండి. ముక్కు కళ్ల కంటే పైకి పోకూడదు.
4. పెదవి పక్క నుంచి, పళ్లు లేని ఖాళీలో గొట్టం పెట్టి కొద్దికొద్దిగా పోయండి. గుటక పడిందని చూశాకే మళ్లీ పోయండి.
5. దగ్గితే వెంటనే తల వదిలేయండి. మందు కొంత ఒలికినా పర్వాలేదు.
6. పట్టిన ప్రతి గొర్రెకూ రంగు గుర్తు పెట్టండి.

బాగా నీరసపడ్డ పశువును ఆకలితో మాడ్చి, ఎండలో నడిపించి మందు పట్టొద్దు. కార్జం దెబ్బతిన్న పశువుకు అది మోయలేని బరువు. నిలబడలేనిది, కన్ను పూర్తిగా తెల్లబడ్డది ఉంటే డాక్టరు చూసి సెలైన్, రక్తం పెంచే మందులు ఇచ్చాక చెప్పిన రోజునే పట్టండి.

తర్వాత నెల రోజులు వేరుశనగ చెక్క లాంటి మాంసకృత్తులున్న దాణా, ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వాలి. జలగ చచ్చినా, తిండి లేకపోతే దవడ కింద నీరు తగ్గదు. లివర్ టానిక్ ఒక్కదానితో సరిపెట్టేవాళ్లున్నారు, ఆ డబ్బుతో చెక్క కొంటే నయం.

## 8. ఏ నెలలో ఏం చేయాలి

మే చివర, జూన్ మొదట్లో, వానలకు ముందు. ఈ సమయానికి పశువుల్లో ఉన్నవి ఎక్కువగా పెద్ద జలగలు. అన్ని పశువులకూ ఆక్సిక్లోజనైడ్ సరిపోతుంది. మొదటి వానకు పేడలోని గుడ్లు నీళ్లలో పడి నత్తలకు అందకుండా చేయడం దీని లక్ష్యం. పశువులకు ఏ బాధా కనిపించని రోజులు కాబట్టి దీన్నే అందరూ ఎగ్గొడతారు. ఏడాది మొత్తంలో ఒక్కసారే పట్టగలం అంటే నేను ఎంచుకునేది ఇదే, అదీ ఊరంతా కలిసి ఒకే వారంలో పడితేనే. మీ ఒక్కరి గేదెలకు పట్టి, పక్కింటి గేదెలు అదే బోదెలో పేడ వేస్తుంటే లాభం సగమే.

అక్టోబరు, నవంబరు. ఒంట్లో పిల్ల జలగలు నిండుగా ఉండే కాలం. గొర్రెలకు, వట్టిపోయిన పశువులకు, పడ్డలకు, దూడలకు ట్రైక్లాబెండజోల్. డెల్టాలో చిక్కేమిటంటే చాలా గేదెలు అప్పుడే ఈని పాల మీద ఉంటాయి. వాటికి ఆక్సిక్లోజనైడ్ పట్టి, అప్పటికి పిల్లలుగా ఉన్న జలగలు ఎదిగాక, రెండు రెండున్నర నెలలకు మళ్లీ పట్టాలి.

జనవరి, ఫిబ్రవరి. వరి కోతల సమయంలో అంటినవి, ముందు తప్పించుకున్నవి ఎదిగి ఉంటాయి. పేడ పరీక్ష చేయించి, గుడ్లుంటే పట్టండి, లేకపోతే వదిలేయండి. మెట్ట ఊళ్లలో చాలా మందలకు ఈ విడత అవసరమే పడదు.

వలస మందలకు ఈ క్యాలెండర్ కొంచెం మారుతుంది. పాలమూరు వైపు నుంచి ఆయకట్టు ఊళ్లకు దిగిన మంద మెట్టకు తిరిగొచ్చినప్పుడు తన జలగల్ని వెంట తెస్తుంది. తిరిగొచ్చిన రెండు మూడు వారాలకు ఒక విడత పట్టించండి. సంతలో కొన్న గేదెకూ అంతే, మందు పట్టి మూడు వారాలు పొడి నేల మీద విడిగా కట్టేశాకే మిగతావాటితో కాలువకు తోలండి.

## 9. మేత, నీళ్లు, నత్తలు

మందు పశువులో ఉన్నదాన్ని చంపుతుంది. గడ్డి మీద కాచుకుని ఉన్నదాన్ని ఏమీ చేయదు. మందు పట్టి సాయంత్రమే అదే బోదెకు తోలితే ఆ రాత్రికే కొత్త జలగలు బయల్దేరతాయి.

తొడుగు కట్టిన జలగ తడిలో నెలల తరబడి బతుకుతుంది, ఎండకు మాత్రం తట్టుకోలేదు. మన మేత పనంతా దీని మీదే ఆధారపడాలి.

- వరి మడిలో మోకాటి నీళ్లలో పెరిగిన మొదళ్లను పచ్చిగా వేయొద్దు. జలగ ఉండేది కాడ కింది భాగంలోనే. కాస్త ఎత్తుగా కోసి పై భాగం వేయండి.
- తడి గడ్డిని వాము వేయొద్దు. కళ్లంలో తిరగేస్తూ గలగలమనేలా ఎండబెట్టండి, వాము వేశాక కొన్ని వారాలు ఆగి తీయండి.
- నీళ్లు తొట్టిలో పెట్టండి, తొట్టి చుట్టూ కంకర పోయండి. కారే కుళాయి బాగు చేయించడానికయ్యే ఖర్చు ఒక గేదె డోసు కంటే తక్కువ.
- గిట్టల గుంతలు పూడ్చండి, నిలిచిన నీటికి దారి తీయండి, బోదెల్లో తూడు, నాచు లాగేయండి.
- పేడను తడిగా మళ్లలో, చెరువు గట్టున వేయొద్దు. గుంతలో కుప్ప వేసి కప్పితే లోపలి వేడికి గుడ్లు చస్తాయి. గోబర్ గ్యాస్ ఉంటే ఇంకా మంచిది.

బాతులు తోలుకొచ్చేవాళ్లను కోతలయ్యాక మళ్లలోకి రానివ్వండి, నత్తల్ని ఏరుకుని తింటాయి. బాతుల పేడతో వచ్చే మరో రకం జలగ పిల్లలు నత్తలో చేరి కార్జపు జలగ పిల్లల్ని తినేస్తాయి కూడా. ఇండోనేషియా వరి పొలాల్లో దీన్ని నిజంగా వాడి చూశారు.

మైలతుత్తం చల్లితే నత్తలు చస్తాయి, అది నిజం. కానీ చేపలూ చస్తాయి, గొర్రెకు రాగి విషమవుతుంది. చేపల చెరువుల మధ్య ఉన్న ఊళ్లలో దాని జోలికే పోవద్దు.

## 10. అడవి అంచు ఊళ్లు

నల్లమల లాంటి చోట్ల చుక్కల దుప్పి, కణుజు, మనుబోతు, మన పశువులు ఒకే కుంటలో నీళ్లు తాగుతాయి. జలగకు అడవి జంతువు, ఊరి జంతువు అన్న తేడా లేదు. ఏనుగులకైతే ఫాసియోలా జాక్సోని అని వాటి సొంత జలగ జాతే ఉంది.

అడవి జంతువులకు మందు పట్టలేం, కుంట దగ్గర ఉప్పులోనో దాణాలోనో కలిపి పెట్టే ప్రయత్నం అసలు చేయొద్దు. ఏది ఎంత తింటుందో లెక్క ఉండదు, పైగా అది నేరమవుతుంది. మీ చేతిలో ఉన్నది మన పశువుల పేడ ఆ కుంటలో పడకుండా చూడటం: వేసవిలో ఊళ్లోనే తొట్టిలో నీళ్లు పెట్టి తోలడం, మే నెల విడత తప్పకుండా పట్టడం. చచ్చిన దుప్పి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ సిబ్బందికి చెప్పండి. వాళ్లు పోస్ట్‌మార్టం చేయించాక కార్జంలో ఏముందో అడిగి తెలుసుకుంటే మీ మందకూ అది సమాచారమే.

## 11. మందు పట్టినా తగ్గకపోతే

ముందు ఇవి ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ రండి:

- సీసా కూర్పు చదివారా, అందులో జలగ మందు ఉందా?
- గడువు దాటిందా, ఎండలో పెట్టారా?
- బరువు టేపుతో కొలిచారా, అందాజా?
- పిల్ల జలగల నెలలో పెద్ద జలగల మందు పట్టారా?
- పట్టాక మళ్లీ అదే తడిలోకి తోలారా?
- అసలు అది పొట్ట జలగో, పొట్ట పురుగో అయి ఉంటుందా?

ఇవన్నీ సరిగ్గా ఉంటే, మందు పట్టిన మూడు వారాలకు మళ్లీ పేడ పరీక్ష చేయించండి. అంతకంటే ముందు వద్దు. జలగలు చచ్చినా పిత్తాశయంలో మిగిలిన పాత గుడ్లు కొన్ని రోజులు వస్తూనే ఉంటాయి, అవి చూసి మందు పనిచేయలేదని పొరబడతారు. మూడు వారాల తర్వాత కూడా మొదట్లో ఉన్నన్ని గుడ్లు ఉంటే ఆ మందుకు జలగ అలవాటు పడి ఉండొచ్చు. ట్రైక్లాబెండజోల్‌కు లొంగని జలగలు ఆస్ట్రేలియాలో 1990ల్లోనే బయటపడ్డాయి. అలాంటప్పుడు డోసు రెట్టింపు చేయకుండా, రెండు పరీక్షల కాగితాలూ, ఖాళీ సీసా తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి వేరే గుంపు మందు రాయించుకోండి.

కార్జం కూర సంగతి కూడా అడుగుతుంటారు కాబట్టి చెప్తున్నా. మటన్ కొట్టులో కార్జంలో జలగలు కనిపిస్తే ఆ ముక్క పారేయమనండి, కుక్కలకు వేసినా బాగా ఉడికించే వేయాలి. బాగా ఉడికిన కార్జం తింటే మనిషికి ఈ జబ్బు రాదు. మనిషికి వచ్చే దారి కూడా పశువుకు వచ్చే దారే: కాలువ అంచున కోసిన ఆకుకూర పచ్చిగా తినడం, ఆ నీళ్లు కాచకుండా తాగడం. తూటికూర లాంటివి ఉడికించి తింటే భయం లేదు.